తొమ్మిదో ఏరు

పెద్ద నదికి వరద వస్తోందంటే రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. చిన్న ఏరుకు అంత వ్యవధి ఉండదు. ఎగువన కుండపోత పడితే గంటల్లో ఊళ్ళోకి వచ్చేస్తుంది. జర్మనీలో ఆకెన్ పక్కనున్న స్టోల్‌బెర్గ్‌లో రెండు వేల ఇరవై ఒకటి వేసవిలో అదే జరిగింది. ఆ తర్వాతే ఈ నెట్‌వర్క్ పుట్టింది. ఏడు దేశాల్లోని తొమ్మిది సంస్థలు తలా ఒక చిన్న ఏరును ఎంచుకుని నిమిషనిమిషానికీ నీటిమట్టం కొలుస్తాయి. పదకొండు మంది విద్యార్థులు ఆ కొలతల మీద పీహెచ్‌డీ చేస్తారు. తొమ్మిదింటి లెక్కలూ కలిస్తే ఎక్కడి ఏరుకైనా పనికొచ్చే ముందస్తు హెచ్చరిక ఒకటి తయారవుతుందని ఆశ.

ఈ తొమ్మిదింటినీ ఒక తాటి మీద నడపడం రత్నకుమారి ఉద్యోగం. నెట్‌వర్క్ కార్యాలయం అనే మాట పెద్దదే గాని, అది ఆకెన్‌లో ఒక పరిశోధన సంస్థ మూడో అంతస్తులో ఉన్న చిన్న గది. అందులో రత్నకుమారి ఒక్కతే కూర్చుంటుంది. నలభై ఆరేళ్ళ మనిషి. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివింది, పెళ్ళయి జర్మనీ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఆఫీసులో అందరూ ఆమె పేరును సగానికి తుంచి, జర్మన్‌లో ‘గారు’ చేర్చి ‘ఫ్రావ్ కుమారి’ అంటారు. మొదట్లో సరిదిద్దేది. ఇప్పుడు దిద్దడం లేదు.

పని మొదలుపెట్టినప్పుడు ఆమెకు ఉత్సాహం ఉండేది. కొలతలన్నీ ఒకే పద్ధతిలో రాయించడానికే పద్నాలుగు నెలలు పట్టింది. ఒకరు సముద్రమట్టం నుంచి మీటర్లలో రాసేవారు, ఇంకొకరు ఏటి అడుగు నుంచి సెంటీమీటర్లలో. ఒకచోట ఎగువ సెన్సర్‌కు గంట ముందుండే వేసవి గడియారం, దిగువ సెన్సర్‌కు శీతాకాలపు గడియారం పెట్టారు. వరద ముందు కింది ఊరికి వచ్చి ఆ తర్వాత పై ఊరికి వెళ్ళినట్టు కనిపించింది. అది కనిపెట్టిన రోజు ఫోన్లో అందరూ నవ్వుకున్నారు. మూడో ఏడు వచ్చేసరికి అలాంటివి చూసినా ఆమెకు నవ్వు రావడం మానేసింది. ఉత్తరాలకు జవాబులు రాయడం, జవాబు ఇవ్వని వాళ్ళకు మళ్ళీ రాయడం, విద్యార్థుల వీసాల కోసం విదేశీయుల ఆఫీసులో టెర్మిన్‌లు, అంటే అపాయింట్‌మెంట్లు, వెతకడం. పొద్దున గది తలుపు తాళం తీసేటప్పటికే భుజాలు లాగేవి.

భర్త సాయికృష్ణ స్టుట్‌గార్ట్ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం వెళ్ళిపోతాడు. వారం రోజులూ ఇంట్లో ఆమె, పన్నెండేళ్ళ కూతురు ఈషా.

ఏప్రిల్ రెండో వారంలో, ఒక సోమవారం మధ్యాహ్నం, గీతిక లాప్‌టాప్ పట్టుకుని గదిలోకి వచ్చింది. గీతికది హనుమకొండ. పాడర్‌బోర్న్‌లో మాస్టర్స్ చేసి, ఈ నెట్‌వర్క్‌లోనే పీహెచ్‌డీకి చేరింది. ఇది మూడో ఏడు.

“అక్కా, బిజీగున్నరా? ఒకటి చూపిస్త.”

“చూపించమ్మా. ఎలాగూ రివ్యూ అయ్యేదాకా ఖాళీ ఉండదు.”

ఆ మరుసటి వారం గురువారమే రివ్యూ. నెట్‌వర్క్‌కు డబ్బిచ్చే బ్రసెల్స్ ఆఫీసు నుంచి సమీక్షకురాలు వస్తుంది. నెట్‌వర్క్ చెప్పిన పని చేసిందా లేదా అని రోజంతా కూర్చుని చూస్తుంది. ఆవిడ సరే అంటేనే ఇంకో రెండేళ్ళు. రత్నకుమారి ఆ రివ్యూకి నూట పన్నెండు పేజీల నివేదిక రాసి, శుక్రవారమే పంపించింది.

గీతిక తెర మీద తొమ్మిది గీతలు చూపించింది. ఒక్కో గీత ఒక్కో ఏటి నీటిమట్టం.

“ఈ ఎనిమిది చూడుండ్రి. ఎట్ల వణుకుతున్నయో. ఇప్పుడు ఇది చూడుండ్రి, పోర్చుగల్‌ది. జనవరి పంతొమ్మిది నుంచి మార్చి ఐదు దాక.”

తొమ్మిదో గీత నున్నగా ఉంది. మెల్లగా లేచి మెల్లగా దిగింది.

“నీళ్ళు ఇట్ల ఉండవక్కా. గాలికి కదుల్తయి, కొమ్మ అడ్డం పడ్తది, బాతు పోతది. కనీసం ఒక సెంటీమీటర్ అటిటు అయితది. ఇది కొలిచింది కాదు. వాన ఎంత పడిందో చూసి, నీళ్ళు ఎంత వచ్చుండాల్నో కంప్యూటర్‌తోని రాయించిండ్రు. నలభై ఆరు రోజులు.”

రత్నకుమారి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. “నీకెలా అనుమానం వచ్చింది?”

“వాన చూసి వరద చెప్పే నా పద్ధతికి ఈ ఏటి మీద తొంభై ఎనిమిది శాతం సరిగ్గా వచ్చింది. వేరే ఏ దాని మీద ఎనభై దాటలే. మస్తు ఖుషీ అయిన. ఇంట్ల కూడ చెప్పిన. తర్వాత ఎందుకో డౌటొచ్చింది. కంప్యూటర్ రాసినదాన్ని కంప్యూటర్ సరిగ్గ చెప్పుడు గొప్పేముంది?”

గీతిక ముఖంలో కనిపెట్టిన గర్వమేమీ లేదు. రెండు రాత్రులు నిద్ర లేనట్టుంది.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లే. ముందు మీకే.”

గీతిక వెళ్ళాక రత్నకుమారి తన నివేదిక తెరిచింది. ‘తొమ్మిది ఏర్ల నుంచీ కొలతలు పూర్తిగా అందాయి’ అని తను స్వయంగా రాసిన వాక్యం అక్కడుంది. అందాయన్నది అబద్ధం కాదు. ఫైలు అందిన మాట నిజమే. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి లేచి ప్రొఫెసర్ గదికి వెళ్ళింది.

ప్రొఫెసర్ ఫాల్క్ నెట్‌వర్క్‌కు అధిపతి. అరవై ఐదేళ్ళవాడు, సెప్టెంబర్‌లో రిటైరవుతున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

“తొమ్మిదింటిలో ఒకటి. అందులో నలభై ఆరు రోజులు,” అన్నాడు. “రివ్యూ అయిపోనివ్వండి, ఫ్రావ్ కుమారి. మే నెలలో నేనే వాళ్ళతో మాట్లాడి సరిచేయిస్తాను.”

“రివ్యూలో అడిగితే?”

“అడగరు. అంత లోతుకు చూసే తీరిక ఎవరికీ ఉండదు.” ఆ తర్వాత కాస్త మెల్లగా అన్నాడు. “మీ కాంట్రాక్ట్ పొడిగింపు కూడా దీని మీదే ఉంది. అది గుర్తుంచుకోండి.”

ఆ మాట బెదిరింపుగా అనలేదు. ఆమె మేలు కోరే అన్నాడు. అందుకే ఆమెకు కోపం కూడా సరిగ్గా రాలేదు. ఆమె కాంట్రాక్ట్ సెప్టెంబర్ ఆఖరుతో అయిపోతుంది. నలభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ దరఖాస్తులు పెట్టుకుంటూ కూర్చోవడం ఆమె ఊహించుకోలేకపోయింది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ సాయికృష్ణకు ఫోన్ చేసింది. అతను ఆఫీసు నుంచి గదికి ఎస్‌బాన్ లోకల్ రైల్లో వెళ్తున్నాడు. వెనక స్టేషన్ల పేర్లు వినిపిస్తున్నాయి.

“మధ్యలో నీకెందుకు రత్నా? సైన్సు వాళ్ళది. నువ్వు కాయితాలు చూస్తావు, అంతేగా. ప్రొఫెసరే మేలో చూద్దామన్నాక ఇంకేంటి?”

“కాయితం మీద రాసింది నేనండీ.”

“నువ్వు తెలిసి రాయలేదుగా.”

“శుక్రవారం తెలీదు. ఇవాళ తెలుసు.”

“బాగా అలిసిపోయినట్టున్నావు. అన్నం తిని పడుకో. రేపు ఆలోచిద్దువుగాని,” అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి ఈషా హోంవర్క్ చేసుకుంటోంది. తల్లి ముఖం చూసి, “మామా, బిస్ట్ డు మ్యూడె?” అంది. అమ్మా, అలిసిపోయావా అని. అవునంది రత్నకుమారి. ఆ పిల్ల లేచి ఫ్రిజ్‌లోంచి నిన్నటి పప్పు తీసి మైక్రోవేవ్‌లో పెట్టింది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి రత్నకుమారి నూనోకు వీడియో కాల్ చేసింది. పోర్చుగల్ ఏటి బాధ్యత నూనోది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. అక్కడి యూనివర్సిటీలో ఏటేటా కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్నాడు. మూడేళ్ళలో ఇద్దరూ వంద సార్లయినా ఇంగ్లీషులో మాట్లాడుకుని ఉంటారు. ఉత్తరాలకు అదే రోజు జవాబిచ్చే కొద్దిమందిలో అతనొకడు.

ఆమె ఉపోద్ఘాతం ఏమీ లేకుండా గీతిక పంపిన బొమ్మను తెర మీద పెట్టింది.

“నూనో, ఈ నలభై ఆరు రోజులూ సెన్సర్ ఏమైంది?”

అతను ముఖం రెండు చేతులతో రుద్దుకున్నాడు.

“పోయింది. జనవరి పంతొమ్మిదిన వరదకు స్తంభంతో సహా కొట్టుకుపోయింది. దారి తెగిపోయి నేను అక్కడికి వెళ్ళడానికే తొమ్మిది రోజులు పట్టింది. కొత్తది కావాలని రాశాను. మా ఆఫీసులో ఆ కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు వెళ్ళేసరికి మార్చి వచ్చింది. ఈలోగా నువ్వు డేటా పంపమని మూడుసార్లు గుర్తు చేశావు.”

“పోయిందని రాయొచ్చుగా.”

“రాయాల్సింది. లెక్కగట్టి నింపాను, కింద గమనిక పెడదామనుకున్నాను. ఈ సెమిస్టర్ ఐదు క్లాసులు చెబుతున్నాను రత్నా. ఆ రోజు పంపించి పడుకున్నాను. మర్నాడు గమనిక పెట్టలేదు. ఆ మర్నాడూ పెట్టలేదు. తర్వాత సిగ్గేసింది.” అతను తల దించుకున్నాడు. “ఎవరూ చూడరనుకున్నాను.”

“గీతిక చూసింది. ఆ అమ్మాయి థీసిస్‌లో ఒక అధ్యాయమంతా దాని మీదే రాసింది.”

ఆ మాటకు అతను కళ్ళు మూసుకున్నాడు.

తిట్టాలని ఆమె రాత్రే మాటలు పోగుచేసుకుంది. కాని ఆ ముఖం చూస్తుంటే అవి నోటికి రాలేదు. మూడుసార్లు గుర్తు చేసిన ఉత్తరాలు తనవే. ఒక్కదాంట్లోనైనా అంతా బాగుందా అని అడిగిన గుర్తు లేదు.

“రేపు పొద్దున నివేదికలో ఆ పేజీ మార్చి బ్రసెల్స్‌కు పంపిస్తున్నాను,” అంది. “నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పంపిస్తాను. కాని వచ్చే వారం గురువారం నువ్వు ఇక్కడికి వస్తున్నావు. అందరి ముందూ నువ్వే చెబితే బాగుంటుంది. నా కోసం కాదు. ఆ అమ్మాయి కోసం.”

“మా ప్రొఫెసర్ నన్ను ఉంచడు.”

“నన్నూ ఉంచకపోవచ్చు,” అంది రత్నకుమారి.

బుధవారం ఆమె పేజీ మార్చింది. ‘ఎనిమిది ఏర్ల కొలతలు పూర్తిగా అందాయి. తొమ్మిదోదానిలో నలభై ఆరు రోజులు కొలిచినవి కావు, లెక్కగట్టినవి. ఈ సంగతి మాకు సోమవారం తెలిసింది.’ మూడు వాక్యాలు రాయడానికి గంటన్నర పట్టింది. పంపేముందు ప్రొఫెసర్ ఫాల్క్‌కు చూపించింది. ఆయన చదివి, “మీరు నన్ను అడగడం లేదు కదా?” అన్నాడు. లేదంది. ఆయన నిట్టూర్చి కాగితం తిరిగి ఇచ్చాడు. వద్దని మాత్రం అనలేదు.

రివ్యూ రోజు నూనో ఎక్కిన రైలు కొలోన్‌లో ఆగిపోయింది. గంటన్నర ఆలస్యంగా, బ్యాగు భుజాన వేసుకునే మీటింగ్ గదిలోకి వచ్చాడు. సమీక్షకురాలు డచ్చి ఆవిడ, పొట్టి జుట్టు, సన్నటి గొంతు. మారిన పేజీని ఆవిడ తన ముందు విడిగా పెట్టుకుని ఉంది. దాన్ని గురించి అడగబోతుంటే నూనో లేచి నిలబడ్డాడు.

“నేను చెబుతాను,” అన్నాడు. ఫోన్లో చెప్పిందే చెప్పాడు, ఇంకా పొట్టిగా. ఐదు క్లాసుల సంగతి, బల్లల మీద తిరిగిన కాగితం సంగతి ఎత్తలేదు. సెన్సర్ పోయింది, నేను నింపాను, చెప్పలేదు, అది తప్పు. అంతే అన్నాడు. అతని పక్కనున్న అతని ప్రొఫెసర్ బల్ల మీదున్న చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

సమీక్షకురాలు చాలాసేపు రాసుకుంది. “ఎవరు కనిపెట్టారు?” అని అడిగింది.

ప్రొఫెసర్ ఫాల్క్ గొంతు సవరించుకుని, “మా విద్యార్థిని గీతిక,” అన్నాడు. “ఆమె చెప్పకపోతే మాకెవరికీ తెలిసేది కాదు. తెలిశాక కూడా, మే వరకూ ఆగుదామని నేనన్నాను. ఫ్రావ్ కుమారి ఆగలేదు.”

రత్నకుమారి ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

సాయంత్రం ఫలితం చెప్పారు. ఎనిమిది ఏర్ల పని బాగుంది. తొమ్మిదోదాని కొలతలు చెల్లవు, అక్కడ వచ్చే చలికాలపు వానల్లో మళ్ళీ కొలవాలి. నెట్‌వర్క్‌కు రెండేళ్ళకు బదులు ప్రస్తుతానికి ఒక్క ఏడాదే ఇస్తారు. ఆ ఏడాది చివర మళ్ళీ రివ్యూ.

అందరూ వెళ్ళాక గీతిక, రత్నకుమారి మిగిలిన చీజ్ రొట్టెలు డబ్బాల్లో సర్దుతున్నారు.

“నా అధ్యాయం మొత్తం పోయిందక్కా,” అంది గీతిక. “మల్ల వానలు పడాలె, మల్ల కొలవాలె. ఎనిమిది నెలలు లేటు. వీసా పొడిగించుకోవాలె, దానికి టెర్మిన్ ఎప్పుడు దొరుకుతదో. నిజం చెప్తే నాకే పని పెరిగింది.”

“అవునమ్మా,” అంది రత్నకుమారి. ఇంకేదో ఓదార్పు మాట అందామనుకుంది గాని దొరకలేదు. “టెర్మిన్ నేను చూస్తాను.”

“తెలుసు. మీరే చూస్తరు.” గీతిక డబ్బా మూత నొక్కింది. “అయినా చెప్పకపోయి ఉంటే ఆ తొంభై ఎనిమిదిని థీసిస్‌ల రాయబుద్ధి కాకపోయేది.”

మరునాడు అందరినీ స్టోల్‌బెర్గ్ తీసుకువెళ్ళారు. అది ముందే అనుకున్న కార్యక్రమం. ఫిష్ట్ ఏరు ఊరి మధ్య నుంచి పోతుంది. ఇరవై మంది కాలిబాట వంతెన మీద నిలబడి కింద సెన్సర్ ఉన్న పెట్టెను చూస్తున్నారు. ఏరు సన్నగా, బుద్ధిగా పోతోంది. డెబ్బై ఏళ్ళ ఆవిడ ఒకరు సంచితో అటు వస్తూ, ఏం చూస్తున్నారని అడిగింది. ప్రొఫెసర్ ఫాల్క్ వివరించాడు. ఆవిడ విని, ఎదురుగా ఉన్న ఇంటిని చూపించింది.

“ఆ కింది వాటా నాది. ఆ రోజు మా ఆయన మంచంలో ఉన్నాడు, నడవలేడు. నీళ్ళు గుమ్మంలోకి వచ్చాక తెలిసింది. పైవాటా కుర్రాళ్ళు లేకపోతే మోసుకెళ్ళడం నా వల్ల అయ్యేది కాదు. మీ పని పూర్తయితే ఎంత ముందు చెబుతారు?”

ప్రొఫెసర్ వర్షపాతం గురించి, నేల తడి గురించి చెప్పబోయాడు. గీతిక వచ్చీరాని జర్మన్‌లో అడ్డుపడింది. “రెండు గంటలు. అన్నీ సరిగ్గా ఉంటే.”

“రెండు గంటలు చాలు,” అంది ఆవిడ. “ఇద్దరు మనుషుల్ని పిలుచుకోవచ్చు.” సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

నూనోకు జర్మన్ రాదు. ఆవిడేమందని రత్నకుమారిని అడిగాడు. ఆమె చెప్పింది. అతను వంతెన కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడి, “గీతికను మూడు నెలలు మా దగ్గరకు పంపగలవా?” అన్నాడు. “స్తంభం మళ్ళీ పాతాలి. ఈసారి ఒడ్డున కాదు, బండ మీద. ఇద్దరం కలిసి పాతుతాం. ఏ రోజు కొలిచిందో, ఏ రోజు కొలవలేదో ఇద్దరం రాస్తాం.”

“ముందు ఆ అమ్మాయిని అడుగు. నన్ను కాదు.”

అడిగాడు. గీతిక వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత, సరేనని ఒక వాక్యం రాసింది.

నూనోను అతని యూనివర్సిటీ తీసేయలేదు, మెచ్చుకోనూ లేదు. జులైలో కొత్త స్తంభం నిలబడింది. ఇక నుంచి కొలిచినదీ లెక్కగట్టినదీ వేరువేరుగా గుర్తు పెట్టాలని రత్నకుమారి ఒక నియమం రాసి తొమ్మిది చోట్లకూ పంపింది. నలుగురు సరేనన్నారు. ఇద్దరు ఇది తమను అనుమానించడమేనని పెద్ద ఉత్తరాలు రాశారు. ముగ్గురు జవాబే ఇవ్వలేదు, వాళ్ళకు మళ్ళీ రాసింది. గుర్తులు పెట్టడం మొదలయ్యాక ఇంకో రెండు చోట్ల కూడా చిన్న చిన్న ఖాళీలు బయటపడ్డాయి. ఎవరూ దాచలేదు. తామే చెప్పారు.

ఆగస్టులో ఆమె కాంట్రాక్ట్ వచ్చింది. ఒక్క ఏడాదికి. సంతకం చేసేముందు ప్రొఫెసర్ ఫాల్క్‌తో, తన గదిలో ఇంకో మనిషి, సగం రోజులకైనా, కావాలని చెప్పింది. అంతకు ముందెప్పుడూ అడగలేదు. ఆయన ప్రయత్నిస్తానన్నాడు. రిటైరయ్యే ముందు చేసిన ఆఖరి పనుల్లో అదొకటి.

“ఇంకో ఏడాదా?” అన్నాడు సాయికృష్ణ ఫోన్లో.

“ఇంకో ఏడాదే.”

“సంతోషమేనా?”

“తెలీదండీ. ముందు నిద్రపోవాలి.”

మూడేళ్ళలో మొదటిసారి రెండు వారాలు సెలవు పెట్టింది. ముగ్గురూ కలిసి ఉత్తర సముద్రం ఒడ్డుకు వెళ్ళారు. మొదటి మూడు రోజులూ ఆమె నిద్రపోతూనే ఉంది. ఈషా రెండుసార్లు వచ్చి ఊపిరి పీలుస్తోందో లేదో చూసి వెళ్ళింది. నాలుగో రోజు లేచి, తండ్రీకూతుళ్ళతో ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గిన బురదలో చాలా దూరం నడిచింది. ఫోన్ గదిలోనే ఉంది.

తిరిగొచ్చి కంప్యూటర్ తెరిస్తే నూట పదిహేడు ఉత్తరాలున్నాయి. ఒక్కొక్కటీ చదువుతూ పోయింది. సగానికి సగం వాటంతట అవే పరిష్కారమైపోయాయి. శరదృతువు సమావేశానికి తేదీ కావాలని ఒకరు అడిగితే, నూనో అందరినీ అడిగి, తొమ్మిది మందికీ కుదిరే రోజు తేల్చాడు. అక్టోబర్ మూడు, ఆకెన్‌లో. ఆమె లేకుండా నెట్‌వర్క్ తీసుకున్న మొదటి నిర్ణయం అది.

అక్టోబర్ మూడు జర్మనీకి జాతీయ సెలవు. భవనానికి తాళం వేసి ఉంటుంది.

రత్నకుమారి కాఫీ తెచ్చుకుని కూర్చుని, ‘ప్రియమైన మిత్రులారా, చాలా థాంక్స్. ఒక చిన్న సంగతి...’ అని రాయడం మొదలుపెట్టింది.